తల్లి కడుపు, బిడ్డ ఆరోగ్యం, మన హక్కు

(రాజమహేంద్రవరంలో జరిగిన ముస్లిం మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన తెలుగులో అన్నం అరిగే చోటుకూ, బిడ్డ పెరిగే చోటుకూ పేరు ఒక్కటే: కడుపు. కడుపు నిండింది అన్నా అదే మాట, కడుపు పండింది అన్నా అదే మాట. బిడ్డను పోగొట్టుకున్న తల్లి దుఃఖాన్ని కడుపుకోత అంటాము. పిల్లాపాపలతో సుఖంగా ఉండాలని కోరే పెద్దలు ‘నీ కడుపు చల్లగుండ’ అని దీవిస్తారు. వైద్యులు ఈ రెంటినీ వేరు చేసి చెబుతారు. పేగులు వేరు, గర్భాశయం వేరు. శరీర నిర్మాణం దృష్ట్యా అది నిజమే. కానీ గత వంద సంవత్సరాల పరిశోధనలను చదివితే ఆ రెంటి మధ్య బంధం ఎంత గట్టిదో తెలుస్తుంది. ఆ పరిశోధనలలో ఒక ముఖ్య ఘట్టం పేద ముస్లిం స్త్రీల మధ్య జరిగింది. మరొకటి మన గోదావరి గడ్డ మీద పుట్టిన మనిషి చేతుల మీదుగా జరిగింది. ఆ రెండు కథలూ మన ఇళ్లలో ఎవరూ చెప్పుకోరు. అందుకే ఈ రోజు చెప్పదలచాను.

నేను వైద్యుణ్ణి కాను. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి విరమణ పొందినవాణ్ణి. మందు పేరు చెప్పి వేసుకోమనే అధికారం నాకు లేదు. ఆ పని డాక్టరుది, ఏఎన్‌ఎమ్‌ది. చట్టం ఏమి ఇస్తుందో, ఇచ్చినది మన గుమ్మం దాకా ఎందుకు రావడం లేదో, రావాలంటే ఏ కాగితం ఎక్కడ పెట్టాలో చెప్పడం మాత్రం నా పని.

మొదటి కథ 1928లో మొదలవుతుంది. లూసీ విల్స్ అనే ఇంగ్లాండు వైద్యురాలు ఆ ఏడాది బొంబాయి వచ్చారు. అక్కడి బట్టల మిల్లుల కార్మిక కుటుంబాలలో గర్భిణులకు ఒక విధమైన తీవ్ర రక్తహీనత వచ్చేది. ప్రాణం తీసేంత జబ్బు అది. కారణం ఎవరికీ తెలియదు. లూసీ విల్స్ ఆస్పత్రి మంచం దగ్గరే ఆగిపోలేదు. ఏ వర్గం స్త్రీలు ఏమి తింటున్నారో, ఎలా బతుకుతున్నారో విచారించారు. పేద ముస్లిం స్త్రీల ఆహారమే అన్నిటికన్నా లోపంగా ఉందనీ, ఈ జబ్బు పడే అవకాశం కూడా వారికే ఎక్కువనీ తేలింది. ఇది సూక్ష్మక్రిమి వల్ల వచ్చే జబ్బు కాదు, తిండిలో ఏదో లోపించడం వల్ల వచ్చేదని ఆమె నిర్ణయించారు. చివరకు ఈస్టు నుంచి తీసిన చవక సారం ఒకటి, మార్మైట్ అనేది, ఇస్తే ఆ స్త్రీలు కోలుకున్నారు. 1931లో ఆ ఫలితాన్ని ప్రకటించారు. మద్రాసులోని ఘోషా ఆస్పత్రిలో కూడా ఆమె పనిచేశారు. పరదా పాటించే స్త్రీల కోసం కట్టిన ఆస్పత్రి అది. ఈస్టులో ఉన్న ఆ పదార్థం ఏమిటో తెలియక చాలాకాలం దానిని ‘విల్స్ ఫాక్టర్’ అని పిలిచారు. ఈ రోజు దానిని ఫోలేట్ అంటున్నాము. మాత్రగా వచ్చేది ఫోలిక్ యాసిడ్.

ఇప్పుడు రెండవ కథకు వద్దాము. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. రాజమండ్రిలో చదువుకున్నారు. ఆయన సోదరుడు స్ప్రూ అనే పేగుల వ్యాధితో మరణించారు. మన పెద్దలు గ్రహణి అని పిలిచిన జబ్బులలోనిదే ఇది. పేగు లోపలి పొర దెబ్బతిని, తిన్నది ఒంటికి పట్టక, విరేచనాలతో మనిషి కృశించిపోతాడు. రక్తం పలచబడుతుంది. తరువాత అదే వ్యాధి సుబ్బారావు గారికీ సోకింది. ఆయుర్వేద చికిత్సతో బయటపడ్డారు. మద్రాసులో వైద్యం చదివి అమెరికా వెళ్లారు. 1940లో లెడర్లీ సంస్థలో చేరారు. అక్కడ ఆయన నాయకత్వంలోని శాస్త్రవేత్తల బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది. స్ప్రూ రోగులకూ, గర్భిణుల రక్తహీనతకూ అది పనిచేసింది. బోదకాలుకు ఇచ్చే డీఈసీ మాత్ర కూడా ఆయన బృందం ఇచ్చినదే. 1948 ఆగస్టు 8న ఆయన అమెరికాలోనే కన్నుమూశారు.

బొంబాయి ముస్లిం స్త్రీ రక్తహీనతకూ, భీమవరం కుటుంబంలోని పేగు జబ్బుకూ మందు ఒకటే అయింది. దీనికి కారణం తెలుసుకోవాలి. ఫోలేట్‌ను మన శరీరం చిన్నపేగు పైభాగంలో పీల్చుకుంటుంది. ఇనుమును కూడా దాదాపు అక్కడే పీల్చుకుంటుంది. బి12 విటమిన్‌ను చిన్నపేగు చివరి భాగంలో తీసుకుంటుంది. తినడానికి లేకపోయినా లోపమే, తిన్నది పేగు పీల్చుకోలేకపోయినా లోపమే. గర్భిణి విషయంలో ఆ లోపం ఇద్దరిది అవుతుంది.

ఎంత త్వరగా ఇద్దరిది అవుతుందో వినండి. గర్భం నిలిచిన 28 రోజుల లోపలే బిడ్డ మెదడు, వెన్నుపాము ఏర్పడే నాళం మూసుకుంటుంది. అది సరిగా మూసుకోకపోతే బిడ్డ వెన్ను చీలి పుట్టవచ్చు, లేదా మెదడే ఏర్పడకపోవచ్చు. బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ 7 దేశాలలోని 33 కేంద్రాలలో జరిపిన పరిశోధన ఫలితాలు 1991లో వచ్చాయి. ముందు అలాంటి బిడ్డ పుట్టిన తల్లులకు, మళ్లీ గర్భం రాకముందు నుంచే ఫోలిక్ యాసిడ్ ఇస్తే, ఆ లోపం తిరిగి రావడం 72 శాతం తగ్గింది. ‘రాకముందు నుంచే’ అన్న మాటను గుర్తుంచుకోండి. నెల తప్పిందని తెలిసి, అత్తగారికి చెప్పి, ఆస్పత్రికి వెళ్లి, కార్డు రాయించుకునేసరికి ఆ 28 రోజులు దాటిపోతాయి. ఈ విషయానికి మళ్లీ వస్తాను.

తల్లి పేగు నుంచి బిడ్డకు మూడు దారులు ఉన్నాయి. మొదటిది రక్తం. తల్లి పేగు పీల్చుకున్న ఇనుము, ఫోలేట్, మాంసకృత్తులు మావి ద్వారా, బొడ్డుతాడు ద్వారా బిడ్డకు చేరతాయి. పుట్టిన తరువాత తొలి ఆరు నెలలకు కావలసిన ఇనుమును బిడ్డ చాలావరకు కడుపులో ఉండగానే దాచుకుంటుంది. తల్లికే లేకపోతే బిడ్డకు దాచుకునేది ఏముంటుంది?

రెండవది కాన్పు. పుట్టే వేళ తల్లి శరీరం నుంచి కొన్ని మేలుచేసే సూక్ష్మజీవులు బిడ్డకు అంటుకుని పేగులలో కాపురం పెడతాయి. సిజేరియన్ కాన్పులో పుట్టిన బిడ్డల పేగులలో తొలి రోజులలో చేరే సూక్ష్మజీవులు వేరుగా ఉంటాయని పరిశోధకులు గమనించారు. అవసరమైన ఆపరేషన్ ప్రాణం కాపాడుతుంది, దానిని కాదనకూడదు. కానీ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం మన రాష్ట్రంలో ప్రతి 100 కాన్పులలో 42 ఆపరేషన్లే. అవసరం ఉన్నవి ఎన్నో, లేనివి ఎన్నో డాక్టరును అడిగే హక్కు మనకు ఉంది.

మూడవది పాలు. తల్లి పేగు దగ్గర శిక్షణ పొందిన రక్షణ కణాలు రొమ్ముకు ప్రయాణించి, అక్కడ ప్రతిరక్షకాలను పాలలోకి విడుస్తాయి. అంటే తల్లి నివసించే వీధిలో ఏ క్రిములు ఉన్నాయో, ఆ క్రిములకు సరిపోయే రక్షణే ఆమె పాలలో ఉంటుంది. ముర్రుపాలలో ఇది అత్యధికం. ఇంకొక వింత కూడా ఉంది. తల్లిపాలలోని కొన్ని రకాల చక్కెరలను బిడ్డ అరిగించుకోలేదు. అవి బిడ్డ పేగులలోని మేలుచేసే సూక్ష్మజీవులకు ఆహారం. బిడ్డకు మాత్రమే కాక బిడ్డకు కాపలా ఉండే జీవులకు కూడా భోజనం పెట్టే ఏర్పాటు అది.

మన పొరుగున ఒడిశాలో 149 గ్రామాలలో 4,556 మంది నవజాత శిశువులపై జరిగిన పరిశోధన 2017లో ప్రచురితమైంది. డాక్టర్ పినాకీ పాణిగ్రాహి బృందం చేసిన పని అది. ఒక మేలుచేసే సూక్ష్మజీవిని, దాని ఆహారమైన చక్కెరతో కలిపి, 7 రోజులు ఇచ్చారు. రక్తంలో విషక్రిములు చేరి ప్రాణం మీదికి తెచ్చుకునే, లేదా చనిపోయే బిడ్డల సంఖ్య 100కు 9 నుంచి 5.4కు తగ్గింది. దీనిని విని మందుల షాపులో దొరికే పొడి కొని పసికందుకు వేయవద్దు. ఆ పరిశోధనలోని శిశువులు తల్లిపాలు తాగుతున్నవారు, వైద్యుల పర్యవేక్షణలో ఉన్నవారు. పసిబిడ్డ బతుకు పేగుల దగ్గర ఎంతగా ఆధారపడి ఉందో అది రుజువు చేస్తుంది. అంతవరకే తీసుకుందాము.

ఇక మన ఊళ్ల సంగతి చూద్దాము. అదే సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో గర్భిణులలో 53.7 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే ఈ సభలో పది మంది గర్భిణులు కూర్చుని ఉంటే వారిలో అయిదుగురికి పైనే. ధవళేశ్వరం ఆనకట్ట పుణ్యమా అని నూటడెబ్బై ఏళ్లుగా అన్నపూర్ణ అని పేరు తెచ్చుకున్న నేలపై కూడా ఈ స్థితి ఎందుకుంది? ధాన్యం లేక కాదు. ధాన్యం ఒక్కటే ఉండటం వల్ల.

ఇందుకు పాత సాక్ష్యం ఒకటి ఉంది. బ్రిటిషు కాలంలో ఉత్తర సర్కారు తీరంలో బెరిబెరి ఉండేది. మరలో బాగా పాలిష్ పట్టిన పచ్చిబియ్యమే ప్రధానంగా తినేవారికి బి1 విటమిన్ లోపించి వచ్చే జబ్బు అది. తల్లికి పైకి పెద్దగా లక్షణాలు కనిపించకపోయినా ఆమె పాలు తాగే బిడ్డ హఠాత్తుగా చనిపోవచ్చు. కూనూరు పోషకాహార పరిశోధనశాలకు చెందిన ఎక్‌రాయిడ్, కృష్ణన్ అనే పరిశోధకులు మద్రాసు రాష్ట్రంలోని ఈ బెరిబెరి ప్రాంతపు శిశుమరణాలపై 1941లో వ్యాసం ప్రచురించారు. ఆ పరిశోధనశాల 1918లో ఒక్క గదిలో బెరిబెరి విచారణ కోసమే మొదలైంది. 1958లో హైదరాబాదుకు తరలింది. ఈనాటి జాతీయ పోషకాహార సంస్థ అదే. తెల్లటి అన్నం గొప్పతనం అనుకున్న ఇంటిలో తల్లి లోపం పాల ద్వారా బిడ్డను చేరింది. ఆ జబ్బు ఈనాడు అరుదు. ఆ పాఠం మాత్రం పాతబడలేదు.

ఇప్పుడు రేషన్ బియ్యంలో కొన్ని గింజలు తేడాగా కనిపిస్తున్నాయని, అవి ప్లాస్టిక్ బియ్యమని చాలామంది ఏరి పారేస్తున్నారు. అవి ప్లాస్టిక్ కావు. బియ్యపు పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి గింజ ఆకారంలో చేసినవి. నూరు గింజలకు ఒకటి చొప్పున కలుపుతారు. మన ఆడపిల్లలకు కావలసిన మూడింటినీ చేటలో చెరిగి పారేయవద్దు.

తరువాతిది నీరు. వేసవిలో కాలువలు కట్టివేసే ముందు మన ఊళ్లలో మంచినీళ్ల చెరువులు నింపుకుంటాము. ఆ నీటితోనే వారాల తరబడి నెట్టుకొస్తాము. కాలువ గట్టునే ఉన్న పేటలలో మురుగు, పశువులు, చేపల చెరువుల నుంచి వదిలిన నీరు ఎక్కడ కలుస్తున్నాయో మీకు నేను చెప్పనక్కరలేదు. కలుషిత నీటితో వచ్చే కామెర్లలో హెపటైటిస్-ఇ అనే రకం ఉంది. మామూలు మనిషికి అది కొన్ని వారాలలో తగ్గిపోతుంది. ఏడో నెల దాటిన గర్భిణికి సోకితే నూటికి 20 నుంచి 25 మంది వరకు ప్రాణాలు పోవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గర్భిణి ఉన్న ఇంట్లో నీళ్లు తెర్లేదాకా కాచి, చల్లార్చి, మూతపెట్టి ఇవ్వడం ఖర్చు అనుకోకూడదు.

తరువాతిది పురుగులు. కొంకిపురుగు మట్టిలోంచి పాదాల చర్మం గుండా ఒంట్లోకి చేరి పేగును పట్టుకుని రక్తం పీలుస్తుంది. గర్భిణులు మట్టి, బలపాలు, పచ్చిబియ్యం తినాలని కోరుకుంటే మనం వేవిళ్లని నవ్వి ఊరుకుంటాము. చాలాసార్లు అది రక్తహీనతకు గుర్తు. అలాంటి కోరిక కలిగితే రక్తపరీక్ష చేయించాలి. మూడు నెలలు నిండిన తరువాత డాక్టరు సలహాతో ఒక ఆల్బెండజోల్ మాత్ర వేస్తారు. తొలి మూడు నెలల్లో వేయరు. నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున కనీసం 180 రోజులు, కాన్పు తరువాత మరో 180 రోజులు ఇనుము, ఫోలిక్ యాసిడ్ కలిసిన ఎర్ర మాత్ర ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది. మాత్ర వేసుకుని వెంటనే చాయ్ తాగితే ఇనుము ఒంటికి పట్టదు. మన ఇళ్లలో చాయ్ లేకుండా గంట గడవదని తెలుసు. అయినా మాత్రకూ చాయ్‌కీ మధ్య రెండు గంటల ఎడం పెట్టండి. నిమ్మకాయ నీళ్లతో వేసుకుంటే ఇంకా మంచిది. కాల్షియం మాత్రను కూడా వేరే పూట వేసుకోవాలి. మలం నల్లగా వస్తుందని భయపడి మానవద్దు, అది ఇనుము రంగు.

ఇక్కడ మన సమాజం తెలుసుకోవలసిన విశేషం ఒకటి ఉంది. ముస్లింలు పేదరికంలో, చదువులో వెనుకబడి ఉన్నప్పటికీ శిశుమరణాలు మాత్రం సగటు కన్నా తక్కువగా ఉన్నాయని 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక గుర్తించింది. ఆర్థికవేత్తలు దీనిని చిక్కుముడి అన్నారు. మైఖేల్ గెరూసో, డీన్ స్పియర్స్ అనే ఇద్దరు దానిపై పరిశోధించి 2018లో ప్రచురించారు. వారు చెప్పిన ప్రధాన కారణం మరుగుదొడ్డి. ముస్లిం కుటుంబాలు మరుగుదొడ్డి వాడటం ఎక్కువ. అంతకన్నా ముఖ్యంగా, పొరుగువారు కూడా మరుగుదొడ్డి వాడేచోట ఏ మతం పిల్లలైనా బతికే అవకాశం పెరుగుతోంది. ఇది మనం గర్వంగా చాటుకోవలసిన విషయం కాదు. ఒక ఇంటి పేగుల ఆరోగ్యం వీధి మొత్తం చేతిలో ఉందని తెలుసుకోవలసిన విషయం. పేటలో మురుగు కాలువ కోసం, మరుగుదొడ్ల కోసం మనం అడిగితే అది మన హిందూ, క్రైస్తవ పొరుగువారి పిల్లల కోసం కూడా అడిగినట్లే. మరొక మాట కూడా చెప్పాలి. బతికిన పిల్లలలో ఎదుగుదల లోపం మాత్రం మన సమాజంలో ఎక్కువేనని అదే సచార్ నివేదిక చెప్పింది. ప్రాణం నిలిచింది, ఒళ్లు నిలవలేదు. ఆ మిగిలిన సగం పని తల్లి కంచం దగ్గర ఉంది.

తల్లి కంచం అన్నాను కాబట్టి ఆచారాల గురించి కొంచెం మాట్లాడతాను. పెద్దవారు కోపగించుకోకండి. బాలింతకు పథ్యం పేరిట కారప్పొడి, వెల్లుల్లి, అన్నం మాత్రమే పెట్టి, పప్పు, ఆకుకూర, పండు మాన్పించే అలవాటు మన జిల్లాలలో అన్ని మతాలవారికీ ఉంది. నీళ్లు కూడా కొలిచి ఇస్తారు. పాలిచ్చే తల్లికి మామూలు కన్నా ఎక్కువ తిండి, ఎక్కువ నీళ్లు కావాలి. పెసరపప్పు, శనగలు, తోటకూర, మునగాకు, గోంగూర, గుడ్డు, చేప, పెరుగు పెట్టండి. ఆకుకూర ఉడికించిన నీళ్లు పారబోస్తే ఫోలేట్ ఆ నీళ్లతో పోతుంది. కలీజాలో ఇనుము, ఫోలేట్, బి12 పుష్కలం. కానీ విటమిన్-ఎ మోతాదు మించి ఉంటుంది కనుక గర్భం తొలి నెలల్లో డాక్టరును అడిగి తినాలి.

ముర్రుపాలు పిండి పారబోయవద్దు. ఆరు నెలల వరకు తల్లిపాలు తప్ప నీళ్లు, ఘుట్టీ, పంచదార నీళ్లు వద్దు. ఏడాది లోపు బిడ్డకు తేనె నాకించవద్దు. తేనెలో ఉండే ఒక క్రిమి బీజాలు పెద్దల పేగులో లొంగిపోతాయి, పసివారి పేగులో మొలకెత్తి విషం పుట్టిస్తాయి. తహ్నీక్ చేయదలచినవారు చేతులు శుభ్రంగా కడుక్కుని, డాక్టరుతో మాట్లాడి, ఎంత తక్కువలో జరపవచ్చో తెలుసుకుని చేయండి. జ్వరం, దగ్గు ఉన్న పెద్దలు ఆ పనికి దూరంగా ఉండాలి.

రంజాన్‌లో గర్భిణికి, బాలింతకు తనకో బిడ్డకో హాని కలుగుతుందన్న భయం ఉంటే ఉపవాసం వాయిదా వేసుకునే వెసులుబాటు మన ధర్మంలోనే ఉంది. మీ ఆలిమ్‌ను అడిగి తెలుసుకోండి. కోడలు ఆ వెసులుబాటు వాడుకుంటే భక్తి తక్కువని ఇంట్లో ఎవరూ సూటిపోటి మాటలు అనకూడదు. పాలిచ్చే తల్లి అన్నవస్త్రాల భారం బిడ్డ తండ్రిదేనని ఖురాన్ రెండవ అధ్యాయం చెబుతుంది. ఆ ఆజ్ఞను మనం సాధారణంగా విడాకుల తగాదాలలో మాత్రమే గుర్తు చేసుకుంటాము. కలిసి కాపురం చేస్తున్న ఇంటిలో కూడా అది వర్తిస్తుంది. ఇంటిల్లిపాదీ తిన్న తరువాత గిన్నె అడుగున మిగిలింది గర్భిణి తినే ఇంట్లో ఆ బాధ్యత నెరవేరినట్లు కాదు.

ఇప్పుడు హక్కుల మాటకు వస్తాను. జాతీయ ఆహార భద్రతా చట్టం 2013లో వచ్చింది. దాని 4వ సెక్షను ప్రకారం ప్రతి గర్భిణికి, కాన్పు తరువాత ఆరు నెలల వరకు ప్రతి బాలింతకు అంగన్‌వాడీ ద్వారా ఉచిత ఆహారం అందాలి. 6,000 రూపాయలకు తగ్గని ప్రసూతి సహాయం కూడా అందులోనే ఉంది. ప్రభుత్వ ఉద్యోగులకు జీతంతో సెలవు ఉంటుంది కనుక వారికి ఇది వర్తించదు. ఇవి దయాధర్మాలు కావు, చట్టం. ‘మాకెందుకులే, పేదవాళ్లు అనుకుంటారు’ అని గుడ్లు, పాలు తెచ్చుకోవడానికి మొహమాటపడే కుటుంబాలను నేను చూశాను. పెన్షను తీసుకోవడానికి నేను మొహమాటపడుతున్నానా?

నేను తిరిగిన ఒక పేటలో అంగన్‌వాడీ కాలువకు అవతలి వైపు ఉంది. వంతెన చుట్టి వెళ్లాలి. నిండు గర్భిణి రోజూ వెళ్లలేదు. వెళ్లకపోతే పుస్తకంలో ‘రాలేదు’ అని పడుతుంది. కొన్ని నెలలు రాలేదని పడితే అవసరం లేదని అర్థం తీస్తారు. కార్యాలయాల లెక్క అలాగే నడుస్తుంది. అడగనివాడి ఆకలి రిజిస్టరులో కనిపించదు.

2006 డిసెంబరు 13న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, ఆరేళ్లలోపు పిల్లలు 40 మందికి తక్కువ కాకుండా ఉండి అంగన్‌వాడీ లేని గ్రామ ఆవాసమైనా, మురికివాడైనా, అడిగిన మూడు నెలల లోపు అంగన్‌వాడీ పొందే హక్కు కలిగి ఉంటుంది. కనుక మొదట చేయవలసింది లెక్క. ఇంటింటికీ తిరిగి పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు, గర్భిణులు, బాలింతల పేర్లు ఒక కాగితం మీద రాయండి. రెండవది అర్జీ. ఐసీడీఎస్ ప్రాజెక్టు అధికారి పేరిట రెండు ప్రతులు రాసి, ఒకటి ఇచ్చి, రెండవదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ముద్ర లేని అర్జీ నోటిమాటతో సమానం. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునేచోట అదే ప్రతిని జతచేసి ఇవ్వవచ్చు. కదలిక లేకపోతే సమాచార హక్కు చట్టం, 2005 కింద ‘మా అర్జీపై తీసుకున్న చర్య ఏమిటి?’ అని ఒక్క ప్రశ్న అడగండి. 30 రోజులలో సమాధానం ఇవ్వాలి. కోపంతో రాయకండి, తేదీలతో రాయండి. ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆస్పత్రులలో గర్భిణులకు ఉచిత పరీక్షలు చేసే కార్యక్రమం 2016 నుంచి నడుస్తోంది. ఆ రోజు ఒక ఆపా నలుగురిని వెంటబెట్టుకుని వెళ్లినా చాలు.

ఆ 28 రోజుల విషయానికి మళ్లీ వస్తానన్నాను. గర్భం రాకముందే ఫోలిక్ యాసిడ్ అందాలంటే ఎవరు ఇవ్వాలి? పాఠశాలలో చదివే ఆడపిల్లలకు వారానికొక ఇనుము, ఫోలిక్ యాసిడ్ మాత్ర ఇచ్చే పథకం ఉంది. బడి మానేసిన పిల్లలకు అంగన్‌వాడీ ద్వారా ఇవ్వాలి. మన మదర్సాలలో చదివే ఆడపిల్లలకు, ఇంట్లో కుట్టుమిషను దగ్గర కూర్చున్న పిల్లలకు అందుతోందా లేదా అన్నది మనమే అడిగి తెలుసుకోవాలి. మదర్సా నిర్వాహకులు దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పిల్లల సంఖ్యతో ఒక ఉత్తరం రాయవచ్చు.

పెళ్లి విషయంలో నా ప్రతిపాదన ఒకటి ఉంది. నికాహ్ ఖాయమైన రోజు నుంచి ఎన్ని జతల బట్టలు, ఎంత బంగారం అన్న లెక్కలు వేస్తాము. ఆ లెక్కలో అమ్మాయికి ఒక రక్తపరీక్ష, డాక్టరు సలహాతో ఫోలిక్ యాసిడ్ మాత్రలు కూడా చేర్చండి. నెలకు అయ్యే ఖర్చు పెళ్లి విందులో ఒక్క ప్లేటు బిర్యానీ ధర కాదు. ఇమాములు నికాహ్ చదివించిన రోజున వరుడికి మహర్ గురించి చెప్పినట్లే, భార్య తిండి గురించి కూడా రెండు మాటలు చెప్పాలని ఈ సభ ద్వారా కోరుతున్నాను. అత్తలు, మామలు కూడా వింటారు.

లూసీ విల్స్ వచ్చి బొంబాయి ముస్లిం స్త్రీల రక్తం పరీక్షించి తొంభై ఏళ్లు దాటింది. మందు దొరికింది. దానిని తయారుచేసిన మనిషి భీమవరంవాడు. ఇప్పుడు మాత్ర ఉచితం, తిండి చట్టబద్ధం. అయినా మన రాష్ట్రంలో గర్భిణులలో సగం మందికి పైగా రక్తం చాలడం లేదు. ఇక మిగిలిన దూరం అంగన్‌వాడీ నుంచి మన గుమ్మం దాకా, గుమ్మం నుంచి ఆమె కంచం దాకా మాత్రమే. మొదటి దూరాన్ని అర్జీతో తగ్గించాలి. రెండవ దూరాన్ని ఇంట్లోని మగవారు, అత్తలు తగ్గించాలి.

సభ ముగిసిన తరువాత తలుపు దగ్గర బల్ల మీద తెల్లకాగితాలు ఉంచాము. మీ మీ పేటల పేర్లు, ఆరేళ్లలోపు పిల్లల సంఖ్య, గర్భిణుల సంఖ్య రాసి ఇవ్వండి. అర్జీలు రాసిపెట్టే పని నాది. సంతకాలు మాత్రం తల్లులే పెట్టాలి.

అల్లాహ్ మన తల్లులకూ బిడ్డలకూ ఆరోగ్యం ప్రసాదించుగాక. సెలవు.